ఒక్క గోలుకు మొక్కిన గడ్డం

డెక్లన్ మెకినర్నీ ఇరవై మూడేళ్ళు హర్లింగ్ ఆడాడు. మొత్తం మూడు వందల పదకొండు మ్యాచ్‌లు. విరిగినవి రెండు వేళ్ళు, ఒక పక్కటెముక, నలభై ఆరు కర్రలు. ఊడినవి మూడు పళ్ళు, అందులో ఒకటి తనది కాదు. నాకు పరిచయమయ్యేనాటికి కొట్టిన గోల్స్ సున్నా. గడ్డం మాత్రం బెల్టు దాకా ఉండేది. ఈ చివరి రెండు సంగతులకూ సంబంధం ఉంది. అది చెప్పడానికే కూర్చున్నాను.

ముందు ఆట గురించి ఒక ముక్క. హర్లింగ్ అనేది ఐర్లండ్ వాళ్ళ ఆట. హాకీకీ, క్రికెట్‌కీ, వీధి కొళాయి దగ్గర తగవుకీ కలిపి పుట్టిన బిడ్డ. అన్నం వడ్డించే చెక్క హస్తాన్ని మనిషి నడుము ఎత్తుకు సాగదీస్తే ఎలా ఉంటుందో అలాంటి కర్ర ఒక్కొక్కడి చేతిలో ఉంటుంది. బంతిని దానితో కొట్టవచ్చు, చేత్తో పట్టవచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. రెండు ఎత్తయిన స్తంభాల మధ్య ఒక అడ్డకర్ర ఉంటుంది. దాని మీదుగా బంతి పోతే ఒక పాయింటు. కిందనుంచి పోయి వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. ఎవరి తల ఎవరు పగలగొట్టినా పాయింట్లు రావు గానీ, ఆ ఆశ మాత్రం ఎవరూ వదులుకోరు.

డెక్లన్‌ను మా ఇంటికి తెచ్చింది మునక్కాడ. మేముండేది అమెరికాలో అరోరా అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో. ఒక ఆదివారం మా మరదలు చాముండేశ్వరి భోజనానికి వచ్చి, నమిలేసిన మునక్కాడ పిప్పీ, చింతపండు పిప్పీ, కరివేపాకు రెబ్బలూ అన్నీ వంటింటి సింకులోకి తోసి, దాని కింద చెత్త నూరే గ్రైండర్ ఆన్ చేసింది. అది ఒక్కసారి మూలిగి ప్రాణం విడిచింది. నీళ్ళు పైకి వచ్చాయి.

"ఏం బావా, ముగ్గురు ఇంజనీర్లున్న ఇంట్లో సింకు బాగుచేసే మగాడు ఒక్కడూ లేడా?" అంది, చేసిన పని తనది కానట్టు.

మా అల్లుడు ఫణీంద్ర ప్లంబర్‌ను పిలిచాడు. వచ్చినవాడి గడ్డం చూసి చాముండేశ్వరి రెండడుగులు వెనక్కి వేసింది. ఆమెకు ఊళ్ళో ఐబ్రో త్రెడ్డింగ్ దుకాణం ఉంది. వెంట్రుకలంటే ఆమెకు శత్రుసైన్యంతో సమానం. అతను గడ్డాన్ని చుట్టచుట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. సింకు కిందకు దూరేటప్పుడు తీసి తువ్వాలులా భుజాన వేసుకున్నాడు. తరవాత పైపుల మధ్యనుంచి ఏదో చాలాసేపు చెప్పాడు.

"మావయ్యగారూ, ఈయన ఏ లాంగ్వేజ్ మాట్లాడుతున్నాడు?" అన్నాడు ఫణీంద్ర.

"ఇంగ్లీషే కదయ్యా."

"పద్నాలుగేళ్ళ నుంచి ఇల్లినాయ్‌లో ఉన్నాను. డైలీ పది మీటింగ్స్ అటెండ్ అవుతాను. ఒక్క వర్డ్ క్యాచ్ చేయలేకపోయాను!"

నాకు మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది. గుంటూరులో కాన్వెంట్‌లో నాకు ఇంగ్లీషు నేర్పిన సిస్టర్లు ఐర్లండ్ వాళ్ళే. ఆ యాసలో మాట వినపడగానే ఇప్పటికీ నా అరచేతులు వాటంతటవే వెనక్కి దాక్కుంటాయి. డెక్లన్ చెబుతున్నదేమిటంటే, తన ఇనుప తీగ మా మునక్కాడ పిప్పికి తగిలి విరిగిపోయిందట. ఇక ఒకే ఆయుధం మిగిలిందట. వ్యాన్‌లోకి వెళ్ళి పాత హర్లింగ్ కర్ర తెచ్చాడు. దాని పిడితో పైపులో నాలుగు పోట్లు పొడిచాడు. అయిదో పోటుకు పిప్పి తుపాకీ గుండులా వచ్చి అతని గడ్డంలో పడి మాయమైంది.

కాఫీ ఇస్తూ గడ్డం సంగతి అడిగాను. అతను చెప్పింది నేను తెలుగు చేసి రాస్తున్నాను.

రెండువేల ఒకటిలో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అతను అమెరికా వచ్చి మా ఊళ్ళోనే ఫాక్స్ నది ఒడ్డున ఉన్న హర్లింగ్ క్లబ్బులో చేరాడు. మొదటి మ్యాచ్‌లో గోల్‌కీపర్ కాలు జారి పడ్డాడు. బంతి ఖాళీ గోలుకు అడుగు దూరంలో వచ్చి ఆగింది. ఊపిరి గట్టిగా వదిలినా లోపలికి పోయేదే. డెక్లన్ ఒళ్ళంతా తిప్పి కొట్టాడు. బంతి ఉన్నచోటే ఉంది. కర్ర చేతిలోంచి జారి వెళ్ళి వలలో పడింది.

జట్టు జట్టంతా నేల మీద పడి నవ్వింది. కుర్రతనం, ఉడుకు రక్తం. "గోలు కొట్టేదాకా నా మొహానికి కత్తి తగలనివ్వను!" అని అందరి ముందూ మరియమ్మ మీద ఒట్టు వేశాడు.

"వచ్చే ఆదివారం దాకా అనుకున్నాను తాతా," అన్నాడు. మా మనవరాలు పిలవడం విని అప్పటికే నన్ను తాతా అంటున్నాడు.

"మరి?"

"ఆ దెబ్బకు కోచ్ నన్ను మా గోలు దగ్గర కాపలా పెట్టాడు. అవతలి గోలు నూట ముప్పై మీటర్ల దూరం. ఇరవై మూడేళ్ళుగా దాన్ని దూరం నుంచి చూస్తున్నాను, సముద్రం మీద ఓడను చూసినట్టు."

అంత దూరం నుంచి ఒకసారి గాలి సాయంతో ఒక పాయింటు వచ్చిందట. కానీ ఒట్టు గోలుకు. పాయింటుకు మీసం కూడా దిగదు.

గడ్డం వల్ల ఒక మ్యాచ్ ఆగిపోయిన కథ కూడా చెప్పాడు. మిల్వాకీ వాళ్ళతో ఆడుతుంటే బంతి వచ్చి గడ్డంలో పడి చిక్కుకుంది. పడినట్టు అతనికీ తెలియదు. రెండు జట్లూ, రెఫరీ, చూడవచ్చినవాళ్ళూ పావుగంట గడ్డిలో వెతికారు. డెక్లన్ అందరికంటే శ్రద్ధగా వెతికాడు. చివరికి కొత్త బంతి తెచ్చి ఆడారు. ఆ రాత్రి భోజనం దగ్గర సూప్ తాగుతుంటే పాతది గిన్నెలో పడింది.

"అప్పుడు గోలులోకి నడిచివెళ్ళి నిలబడి ఉంటే చాలు కదా!" అన్నాను.

"ఆ మాట నా భార్య ఇరవై ఏళ్ళుగా అంటోంది," అన్నాడు. ఆ బంతిని నేను కళ్ళారా చూశాను. ఇంకా బంగాళాదుంప సూప్ వాసన వస్తోంది. నమ్మనివాళ్ళు అరోరా రావచ్చు.

అప్పుడే నేను పొరపాటు చేశాను. "మా వాళ్ళలో కూడా ఇదే ఉంది డెక్లన్. కోరిక తీరితే దేవుడికి జుట్టు ఇస్తామని మొక్కుకుంటారు. నీది గడ్డం మొక్కు," అన్నాను.

అతని కళ్ళు మెరిశాయి. "తీరకముందే తీసేస్తే?"

"కళ్ళు పోతాయి," అన్నాను.

సరదాకే అన్నాను. కానీ అతను కాఫీ కప్పు కింద పెట్టి సిలువ గుర్తు వేసుకున్నాడు.

నాలుగు నెలల తరవాత, ఆగస్టు చివర, మా తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే ఎర్రజుట్టు పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయి.

"తాతా అంటే మీరేనా? నేను నోరాని. డెక్లన్ కూతుర్ని. కళ్ళు పోతాయని మా డాడ్‌కి చెప్పింది మీరేనా?"

కాన్వెంట్ చదువు వల్ల నాకు వచ్చిన ఒకే ఒక గుణం, ఆడవాళ్ళు ఆ గొంతుతో అడిగితే లేచి నిలబడడం. నిలబడ్డాను.

ఆ పిల్లకు వచ్చే నెల పెళ్ళి. తండ్రి చేయి పట్టుకుని చర్చిలో నడవాలి. పెళ్ళిగౌను కొలతలకు వెళ్ళినప్పుడు డెక్లన్ ఆనందం పట్టలేక కూతుర్ని కౌగిలించుకున్నాడు. గడ్డం వెళ్ళి గౌను జిప్పులో ఇరుక్కుంది. నలభై నిమిషాలు తండ్రీ కూతురూ ఒకటిగానే నడవవలసి వచ్చింది, కారు దాకా కూడా.

"గడ్డం తీయమంటే మొక్కంటాడు. కళ్ళంటాడు. నేను చెప్పేశాను, ఆ గడ్డం చర్చిలోకి వస్తే నేను ఒక్కదాన్నే నడుస్తానని. మా డాడ్ రాత్రి ఏడ్చాడు. గడ్డంతోనే తుడుచుకున్నాడు." ఇంతలో ఆమె గొంతు కూడా మెత్తబడింది. "పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారైనా ఆయన మొహం పూర్తిగా చూడలేదు, తెలుసా?"

ఆమె వెళ్ళాక చాముండేశ్వరి చేతులు నడుముకు ఆనించుకుంది. "పెట్టావు కదా బావా నిప్పు! ఇప్పుడు నువ్వే ఆర్పు. లేకపోతే ఆ పిల్ల ఒంటరిగా నడిచిన పాపం నీదే."

సీజన్‌లో ఇంక ఒక్క మ్యాచే మిగిలింది. పెళ్ళికి ముందు ఆదివారం, పక్క ఊరు షామ్‌బర్గ్ జట్టుతో. ఆ తరవాత డెక్లన్ ఆట మానేస్తున్నాడు. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఆ ఒక్క మ్యాచ్‌లో గోలు పడకపోతే గడ్డం ఎప్పటికీ దిగదు.

నేను కోచ్ దగ్గరకు వెళ్ళి డెక్లన్‌ను ఈ ఒక్కసారీ ముందు ఆడించమన్నాను. అతను తల పట్టుకున్నాడు. వేసవికి ఐర్లండ్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు వెనక్కి వెళ్ళిపోయారట. ముగ్గురు తక్కువట. అసలు మ్యాచే జరగదేమోనట.

"ముగ్గుర్ని నేను తెస్తాను. డెక్లన్‌ను ముందు పెడతావా?"

పెడతానన్నాడు. మా ఫణీంద్ర అరోరా ఆదివారం క్రికెట్ జట్టుకు కెప్టెన్. అతనూ, అతని ఇద్దరు స్నేహితులూ సాధనకు దిగారు. కర్ర తిప్పడం త్వరగానే పట్టుబడింది. కష్టమంతా పాత అలవాట్లతో వచ్చింది. మొదటి రోజే బంతి ఫణీంద్ర పక్కనుంచి రయ్యిమని పోతుంటే అతను కర్ర నెత్తిమీదకెత్తి, మహా గౌరవంగా దారి ఇచ్చాడు. బంతి తిన్నగా సొంత గోలులో పడింది.

"ఏమిటి నాయనా అది?"

"అవుట్‌సైడ్ ఆఫ్ స్టంప్ మావయ్యగారూ. లీవ్ చేశాను."

"ఇక్కడ స్టంపులే లేవు కదయ్యా!"

"హ్యాబిట్!"

ఈ వార్త షామ్‌బర్గ్ చేరింది. వాళ్ళకూ మనుషులు తక్కువే. అరోరా వాళ్ళు తెలుగు క్రికెటర్లను దింపుతున్నారని తెలిసి వాళ్ళ కోచ్ కూడా ఊళ్ళో నలుగుర్ని పట్టాడు. అందులో ధృవ్ అనే కుర్రాడు వికెట్‌కీపర్. అతన్ని గోలులో నిలబెట్టారు. కంటిముందు దోమను కూడా పోనివ్వడని పేరు. ఆ సంగతి విని డెక్లన్ మొహంలో కనిపించే కాస్త భాగమూ పాలిపోయింది.

ఆదివారం వచ్చింది. నేను మడతకుర్చీ వేసుకుని షామ్‌బర్గ్ గోలు వెనకే కూర్చున్నాను. పక్కన నోరా. ఆ పక్కన చాముండేశ్వరి. ఆమె సంచిలో రెండు కత్తెర్లు, ఒక రేజరు, ఒక కొబ్బరికాయ.

"కొబ్బరికాయ ఎందుకు?"

"మొక్కు తీరితే కొట్టొద్దా బావా? తీరకపోతే నీ తలకే కొడతాను."

డెక్లన్ హెల్మెట్ జాలీలోంచి గడ్డం బయటికి వచ్చి జట్టు జెండాలా ఎగురుతోంది. మొదటి అయిదు నిమిషాల్లో కొట్టిన బంతి ధృవ్ కాళ్ళకు తగిలి తిరిగివచ్చింది. రెండోది ధృవ్ కర్రతో పక్కకు నెట్టాడు. మూడోది స్తంభానికి తగిలింది. నాలుగోసారి బంతి కోసం వంగి డెక్లన్ తన గడ్డం తానే తొక్కుకుని పడ్డాడు. ప్రతిసారీ నోరా నా భుజం పట్టుకుని పిండేసింది. ఆ భుజం ఇప్పటికీ వాన వచ్చేముందు చెబుతుంది.

చివరి నిమిషం. మావాళ్ళు పద్నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోతున్నారు. దాని గురించి ఎవరికీ బెంగ లేదు. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు ఫణీంద్ర జీవితంలో మొదటిసారి ఒక బంతిని వదిలేయకుండా మోకాలి మీద కూర్చుని కవర్ డ్రైవ్ కొట్టాడు. అది గడ్డి మీద జారుకుంటూ డెక్లన్ కాళ్ళ దగ్గరకు వచ్చింది. డెక్లన్ దాన్ని కర్రతో ఎగరేసి, ఇరవై మూడేళ్ళ కసి అంతా కలిపి కొట్టాడు.

బంతి గోలు పైమూలకు పోతోంది. నోరా లేచింది. చాముండేశ్వరి కొబ్బరికాయ ఎత్తింది. ధృవ్ పక్కకు గాలిలో తేలాడు, నేలకు సమానంగా, ఒంటిచేత్తో. పట్టేశాడు.

మ్యాచంతటిలో అతను పట్టిన మొదటి క్యాచ్ అది. నోరా రెండు చేతులతో మొహం కప్పుకుంది. డెక్లన్ ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అప్పుడు ఎవరో గోలు వెనకనుంచి గొంతు చించుకుని అరిచారు, "హౌజాట్!" అని.

ఆ మాట వినగానే ధృవ్‌లోని వికెట్‌కీపర్ నిద్రలేచాడు. బంతిని ఆకాశంలోకి విసిరేశాడు. రెండు చేతులూ చాపి "అవుటే!" అని అరుస్తూ మైదానం మధ్యకు పరుగు తీశాడు. షామ్‌బర్గ్ తరఫు మిగతా ముగ్గురు క్రికెట్ కుర్రాళ్ళూ వెళ్ళి అతని మీద పడ్డారు. ఆ గుట్ట మీదికి మా ఫణీంద్ర కూడా వెళ్ళి దూకాడు.

"వాట్ ఎ క్యాచ్ రా! వన్ హ్యాండ్ రా బాబూ!"

"ఫణీ! నువ్వు మా పార్టీ కాదయ్యా!" అని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు?

మైదానంలో ఐరిష్ వాళ్ళందరూ ఇదేమి పూనకమో తెలియక ఆ గుట్టనే చూస్తున్నారు. ఈలోగా బంతి ఆకాశం నుంచి దిగింది. ఒకసారి ఎగిరింది. రెండోసారి కాస్త తక్కువ ఎగిరింది. దొర్లుకుంటూ వచ్చి ఖాళీ గోలుకు అడుగు దూరంలో ఆగింది.

డెక్లన్ దాన్ని చూశాడు. రెండువేల ఒకటిలో చూసిన బొమ్మ మళ్ళీ కళ్ళముందు నిలిచినట్టుంది, మనిషి కదలడం లేదు.

నాకు మా కాన్వెంట్ సిస్టర్ గొంతు పూనింది. "డెక్లన్ మెకినర్నీ! లేచి పని చెయ్యి!" అని ఇంగ్లీషులో గర్జించాను.

ఐర్లండ్‌లో పెరిగినవాడెవడూ ఆ గొంతుకు ఎదురు చెప్పడు. స్ప్రింగులా లేచి బంతి దగ్గరకు ఉరికాడు. ఒళ్ళంతా తిప్పి కొట్టాడు. కర్ర మళ్ళీ చేతిలోంచి జారింది. కానీ ఈసారి ముందు బంతి వలలో పడింది, దాని వెనకే కర్ర పడింది.

స్తంభం పక్కన తెల్లకోటు వేసుకున్న ఆయన గోలుకు గుర్తుగా పచ్చజెండా ఊపాడు. షామ్‌బర్గ్ కోచ్ గొడవకు వచ్చాడు. రెఫరీ ఒకటే మాట అన్నాడు, హర్లింగ్‌లో బంతిని చేత్తో విసరడమే తప్పు, తప్పు చేసినవాళ్ళది నష్టం, గోలు గోలేనని.

ధృవ్ గుట్ట కిందనుంచి తల బయటపెట్టాడు. "అంకుల్, హౌజాట్ అని అప్పీల్ చేసిందెవరు?"

కాన్వెంట్‌లో అబద్ధం ఆడకూడదని నేర్పారు. అందుకని దగ్గు తెచ్చుకున్నాను.

నోరా అప్పటికే వల దగ్గర తండ్రిని కౌగిలించుకుని ఉంది. మళ్ళీ ఇరుక్కుంటుందేమోనని చాముండేశ్వరి కత్తెర పట్టుకుని పరుగెత్తింది. డెక్లన్‌ను అతని వ్యాన్ వెనక కూర్చోబెట్టి, బంపర్ మీద కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టింది.

"ఇది గడ్డమా, గడ్డివామా? బావా, ఆ పెద్ద కత్తెర ఇలా ఇవ్వు. నీకు ఇంత పని చెప్పడం ఇదే మొదటిసారి, జాగ్రత్తగా చెయ్యి."

లోపలినుంచి ఒక పెన్సిలు, రెండు వాషర్లు, ఎనిమిదేళ్ళ కిందటి చర్చి లాటరీ టికెట్టు బయటపడ్డాయి. చిట్టచివర మా మునక్కాడ పిప్పి కూడా. చాముండేశ్వరి దాన్ని ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుంది.

చివరికి మొహం కనబడింది. ముక్కు నుంచి పైభాగం ఎండకు మిరపపండులా ఉంది. కింది భాగం ఒలిచిన కోడిగుడ్డు. గడ్డం మధ్యన చిన్న సొట్ట.

నోరా వేలితో ఆ సొట్ట ముట్టుకుంది. తరవాత తన గడ్డం తడుముకుంది. అదే సొట్ట, అదే చోట. "ఇది మామ్ దగ్గర్నుంచి రాలేదే అని ఎప్పుడూ అనుకునేదాన్ని," అంది. ఆమె ఏడుస్తుంటే నేను వ్యాన్ టైర్లలో గాలి సరిపోయిందో లేదో చూడవలసి వచ్చింది. నాలుగు టైర్లూ చూశాను.

పెళ్ళికి ఆరు రోజులే ఉన్నాయి. రెండు రంగుల మొహంతో పెళ్ళేమిటని చాముండేశ్వరి రోజూ పెసరపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టింది. ఆమె చేయి ఎప్పుడూ ధారాళమే. శనివారానికి డెక్లన్ మొహం పైన ఎరుపు, కింద పసుపు. ఫాక్స్ నది క్లబ్బు చొక్కా రంగులు సరిగ్గా అవే. చర్చి గుమ్మం దగ్గర కుర్రాడు అతన్ని ఆపి, "సర్, మీరు పెళ్ళికూతురి తరఫా, పెళ్ళికొడుకు తరఫా?" అని అడిగాడు. సొంత జట్టువాళ్ళే ముగ్గురు అతనితో చేయి కలిపి తమను పరిచయం చేసుకున్నారు. నోరా మాత్రం తండ్రి చేయి గట్టిగా పట్టుకుని, సొట్టగడ్డం పైకెత్తి నడిచింది. పక్కన ఇంకో సొట్టగడ్డం నడిచింది.

విందుకు రెండు జట్లనూ పిలిచాడు డెక్లన్. గోలు కొట్టించినవాడు లేకుండా పెళ్ళెలా అవుతుందని ధృవ్‌ను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. చివర్లో అక్కడి ఆనవాయితీ ప్రకారం నోరా వెనక్కి తిరిగి పూలగుత్తి విసిరింది. పట్టినవాళ్ళదే తరవాతి పెళ్ళట. పెళ్ళికాని అమ్మాయిలంతా చేతులు చాపారు. అది కాస్త ఎక్కువ ఎత్తుకు పోయింది. వెనక కేకు తింటున్న ధృవ్ పళ్ళెం వదిలేసి, పక్కకు గాలిలో తేలి, ఒంటిచేత్తో పట్టేశాడు.

ఈసారి నేను నోరు కూడా తెరవలేదు. ప్రమాణం.

పూలగుత్తి హాలు కప్పు దాకా లేచింది. ధృవ్ చేతులు చాపి బల్లల మధ్య పరుగు తీశాడు. ఫణీంద్ర కుర్చీ దాటుకుని అతని మీదికి దూకాడు. పూలు తిరుగుతూ వచ్చి తిన్నగా డెక్లన్ మొహం కింద పడ్డాయి. డెక్లన్ అలవాటు కొద్దీ కదలకుండా, ధీమాగా నిలబడ్డాడు. గుత్తి అతని నున్నటి గడ్డానికి తగిలి, జారి, నేలమీద చెల్లాచెదురైంది.

అతను కిందకు చూశాడు. ఖాళీ గడ్డం ఒకసారి నిమురుకున్నాడు.

"పాతదే ఉంటేనా తాతా," అన్నాడు, "ఒక్క రేకు కూడా కింద పడేది కాదు."